రో_నంబర్ ఒకే క్వెరీకి రెండు జవాబులు ఇస్తోంది

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒక్కో బోటుకు చివరి తూకం ఏదో తీసే క్వెరీ ఇది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. బోటు నంబరుతో పార్టిషన్ (గుంపులుగా విభజన) చేసి, తూకం సమయంతో అవరోహణ క్రమం పెట్టి, సబ్‌క్వెరీ బయట రో_నంబర్ (వరుసలకు క్రమసంఖ్య ఇచ్చే ఫంక్షన్) 1 వచ్చిన వరుసలే తీస్తున్నాను.

సమయం నిమిషం వరకే నమోదవుతుంది. ఒక బోటుకు ఉదయం 5:42కే రెండు తూకాలున్నాయి: 118 కిలోలు, 64 కిలోలు. ఒకసారి ఇది వస్తుంది, మరోసారి అది. సమానమైన వరుసలకు ఒకే స్థానం ఇచ్చే ర్యాంక్ పెడితే రెండూ 1 అయి కూర్చున్నాయి, డెన్స్_ర్యాంక్‌దీ అదే తీరు. బరువును రెండో క్రమంగా చేర్చితే ఫలితం నిలకడగానే ఉంది, కానీ ఎక్కువ బరువే చివరిదని ఎవరు చెప్పారు? వరుస పట్టికలో భౌతికంగా ఎక్కడుందో చెప్పే సీటీఐడీని నమ్ముకున్నాను, వరుసను అప్‌డేట్ చేయగానే అదీ మారిపోయింది. పట్టికకు ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ లేదు, కట్టినవారికో దండం. కొత్త వరుసలకు ఐడెంటిటీ కాలమ్ (తనంతట తానే పెరిగే సంఖ్య) చేర్చుకోగలను.

పాత వరుసల్లో ఏది ముందు నమోదైందో నమ్మకంగా తేల్చే మార్గం ఏదైనా ఉందా?