స్కూటరుకు ఇంట్లో తయారుచేసిన సామాను పెట్టె: బిగించుకోవచ్చా, కూడదా? (కలం పేర్లతో సాగిన చర్చ)

లంబసింగి దారి:
నా దగ్గర యాక్టివా 6జీ స్కూటరు ఉంది. చలికాలం వారాంతాల్లో విశాఖపట్నం నుండి మన్యం కొండల్లోని లంబసింగికో, వంజంగికో వెళ్లి టెంటు వేసుకుని రాత్రి గడపడం మా దంపతులకు అలవాటు. ఇద్దరం కూర్చున్నాక టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు, చాపలు, చిన్న గ్యాసు స్టవ్వు, గిన్నెలు, నీళ్లు ఎక్కడ పెట్టాలన్నదే ప్రతిసారీ వచ్చే తగవు. సీటు కింది డిక్కీ 18 లీటర్లది. రెండు రెయిన్‌కోట్లు, పనిముట్ల సంచి పెట్టేసరికే సీటు మూతపడదు. బజారులో దొరికే ప్లాస్టిక్ పెట్టెల్లో చవకవి ఒక్క హెల్మెట్‌తో నిండిపోతాయి, పెద్దవాటి ధర మాకు అందదు.

కాబట్టి నేనే ఒకటి చేసుకుందామని అనుకుంటున్నాను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు ఉన్న పెట్టె చేసి, 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు ఫ్రేమును వెల్డింగు షాపులో వెనకవైపు ఛాసిస్‌కు అతికించి, దాని మీద పెట్టెను బిగించాలన్నది ఆలోచన. ఇటువంటి పని చేయించుకోవడం సబబేనా, కాదా అన్న విషయంలో అనుభవం ఉన్నవారి అభిప్రాయం కావాలి.

బెల్టూ బ్రేకూ:
వద్దండీ. పెట్టె ఆలోచన చెడ్డదని కాదు, మీరు అనుకున్న పెట్టె, అనుకున్న చోటు, అనుకున్న పద్ధతి మూడూ ఆ బండికి సరిపడవు.

మొదట బరువు సంగతి చూద్దాం. మీరు చెప్పిన కొలతలకు ఆరు పక్కలూ కలిపి దాదాపు 1.4 చదరపు మీటర్ల ప్లైవుడ్ పడుతుంది, అంటే ఖాళీ పెట్టె పది కిలోలకు తగ్గదు. మూడు మీటర్ల స్క్వేర్ పైపు, బోల్టులు, కీళ్లు, తాళం కలిపితే మరో మూడు కిలోలు అవుతుంది. ఒక్క గిన్నె కూడా పెట్టకముందే 13 కిలోలు వెనక వేలాడుతున్నాయన్న మాట. నూరు లీటర్లకు పైగా చోటు కళ్లముందు కనబడుతుంటే ఖాళీగా ఉంచే మనిషిని నేనింతవరకూ చూడలేదు కాబట్టి, లోపల 17 కిలోల సామాను వేసి మొత్తం 30 అనుకుందాం.

యాక్టివా రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1260 మిల్లీమీటర్లు. వెనక కూర్చున్న మనిషికి కూడా వెనకగా పెట్టిన పెట్టె మధ్యభాగం వెనక ఇరుసును దాటి 35 సెంటీమీటర్ల అవతల పడుతుందనుకుంటే, ఆ 30 కిలోల వల్ల ముందు చక్రం మీద ఎనిమిది కిలోలకు పైగా బరువు తగ్గి, వెనక చక్రం మీద 38 కిలోలు పెరుగుతుంది. ముందు చక్రం తేలికపడితే ఎత్తు ఎక్కేటప్పుడు మలుపుల్లో హ్యాండిల్ మాట వినదు. ఇక వెనక టైరు మీద 53జే అని అచ్చువేసి ఉంటుంది, అంటే అది మోయగలిగిన గరిష్ఠ బరువు 206 కిలోలు. మీరిద్దరూ చెరో 65 కిలోలు ఉంటారనుకుని లెక్క వేస్తే బండి బరువుతో కలిపి వెనక చక్రం మీద 160 కిలోల పైచిలుకు అప్పటికే ఉంటుంది. పెట్టె చేరాక అది 200 దగ్గరికి వస్తుంది. ఇది నున్నటి రోడ్డు మీద కదలకుండా నిలబడిన బండి లెక్క మాత్రమే, గోతిలో పడినప్పుడు టైరు మీద పడే దెబ్బ వేరు.

ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం ఇంకో ఎత్తు. గేర్ల బండి అయితే రెండో గేరులో పెట్టి ఇంజను చేత బండిని ఆపించవచ్చు. స్కూటరులో క్లచ్ వేగాన్ని బట్టి దానంతట అదే పట్టుకుంటుంది, వదిలేస్తుంది. మలుపుల్లో బాగా నెమ్మదించినప్పుడు అది విడిపోయి ఇంజను సాయం పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మీ బండికి ఉన్నవి డ్రమ్ బ్రేకులు కాబట్టి ఘాట్ దిగుతుండగా పదే పదే నొక్కడం వల్ల డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది.

క్యాను బండి:
పై మిత్రులు చెప్పిన లెక్కలో తప్పు లేదు కానీ, ఆ లెక్క నుండి తీసిన నిర్ణయంతో నాకు పేచీ ఉంది. మన ఊళ్లలో పాలవాళ్లు, కూరగాయలవాళ్లు, చేపలు అమ్మేవాళ్లు ఇంతకంటే ఎన్నో రెట్ల బరువును ఊరి వెల్డింగు షాపులో చేయించిన ఫ్రేముల మీదే రోజూ మోస్తున్నారు. చేతిపని అనగానే ప్రమాదమనీ, కంపెనీది అనగానే భద్రమనీ అనుకోవడం సరికాదు. పెట్టె ఎవరు చేశారన్నది కాక, బరువు ఎంత, ఎంత ఎత్తులో, ఏ ఆధారం మీద ఉందన్నదే చూడాలి.

నా సలహా ఏమిటంటే, ప్లైవుడ్‌ను పూర్తిగా వదిలేయండి. నూనె వచ్చే చదరపు ప్లాస్టిక్ క్యాన్లు 20 లీటర్లవి పాత సామాను దుకాణంలో చవకగా దొరుకుతాయి. ఒక పక్కన మూడు వైపులా కోసి తలుపులా తెరుచుకునేట్టు చేసి, రెండు కీళ్లు, ఒక గొళ్లెం బిగిస్తే కిలోన్నర బరువులో నీళ్లు దిగని పెట్టె తయారవుతుంది. కోసిన అంచుకు పాత సైకిల్ ట్యూబును నిలువునా చీల్చి తొడగాలి, లేకపోతే ఆ అంచు చేతిని కోస్తుంది, వానకు నీళ్లు కూడా లోపలికి వస్తాయి. ఇటువంటివి రెండు, వెనక కూర్చునేవారు పట్టుకునే కడ్డీకి (రైలుకు) ఉన్న బోల్టుల దగ్గరే పట్టీలు తగిలించి, రెండు పక్కలా కిందికి వేలాడదీయాలి. వెల్డింగు బండికి కాదు, పట్టీలకు మాత్రమే. కుడిపక్క సైలెన్సర్ ఉంటుంది కాబట్టి అటువైపు క్యానుకూ దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలి, అడ్డంగా ఒక అల్యూమినియం రేకు పెట్టడం తప్పనిసరి. ఎడమపక్క స్టాండు, కిక్ రాడ్ తిరిగే చోటు చూసుకోవాలి. టెంటు కడ్డీలకు నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు చివర్లా మూతలతో బ్రహ్మాండంగా సరిపోతుంది.

సెక్షన్ 52:
చట్టం ఏమంటుందో ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించి ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునంటుంది.

అయితే సామాను పెట్టె పెట్టడమే నేరమని దీని అర్థం కాదు. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణలో మోటారు సైకిలుకు తేలికపాటి పెట్టెను అనుమతిస్తూ 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదన్నారు. చట్టం దృష్టిలో స్కూటరు కూడా మోటారు సైకిలే. పెట్టె రెండో మనిషి చోటును ఆక్రమిస్తే నడిపేవారు ఒక్కరే వెళ్లాలి, ఆ చోటుకు వెనకగా ఉంటే ఇద్దరూ కూర్చోవచ్చు. లంబసింగి దారి గారి 60 సెంటీమీటర్ల పెట్టె ఇక్కడే అయిదు సెంటీమీటర్లు ఎక్కువైంది.

విప్పి పక్కన పెట్టగలిగిన పెట్టెను మార్పుగా లెక్కించలేరని నా అభిప్రాయం. ఛాసిస్‌కు వెల్డింగు చేసిన ఫ్రేము విషయంలో ఆ మాట అనలేను. రోడ్డు మీద ఆపిన అధికారి ఎదుట నా అభిప్రాయానికి ఎంత విలువ ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు! బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పును, ప్రమాదం జరిగాక క్లెయిము తగ్గించడానికో, నిరాకరించడానికో కారణంగా చూపే అవకాశం ఉంటుంది.

బెల్టూ బ్రేకూ:
క్యాను బండి గారు పాలవాళ్లను ఉదాహరణగా చూపారు. వారి బళ్లలో ఎక్కువ భాగం టీవీఎస్ ఎక్స్ఎల్ వంటివి. ఎక్స్ఎల్‌కు రెండువైపులా 16 అంగుళాల చక్రాలు ఉంటాయి, మొదటినుండీ బరువులు మోసే ఉద్దేశంతోనే చేసిన బండి అది. యాక్టివా వెనక చక్రం పది అంగుళాలదే. పైగా పాలబండి తెలిసిన దారిలో నెమ్మదిగా వెళ్తుంది, ఘాట్ ఎక్కదు, వెనక మనిషిని కూర్చోబెట్టుకోదు.

వెల్డింగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య నిబంధనల) స్కూటర్లలో ఇంధనాన్ని కంప్యూటరే కొలిచి పంపుతుంది. బ్యాటరీ తీగలు విప్పకుండా ఛాసిస్‌కు వెల్డింగు పెడితే ఆ కంప్యూటర్ కాలిపోయే ప్రమాదం ఉంది, పెట్రోలు ట్యాంకు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇంకొకటి ఎవరూ గమనించినట్టు లేదు. 6జీకి పెట్రోలు మూత సీటు వెనక, బయటే ఉంటుంది. ట్యాంకు 5.3 లీటర్లది. మీ పెట్టె సరిగ్గా ఆ మూత మీద కూర్చుంటుంది కనుక, పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ బంకులో వెనక నలుగురు హారన్ కొడుతుండగా పెట్టె విప్పవలసి వస్తుంది.

క్యాను బండి:
పెట్రోలు మూత సంగతి నిజమే. అందుకే నేను పైన కాక పక్కలకు వేలాడదీయమన్నాను. ఘాట్ ఎక్కే బండికి బరువు పనికిరాదనే వాదనతో మాత్రం ఏకీభవించను. ఇద్దరు మనుషులు, పది కిలోల సామాను అనేది ఏ స్కూటరైనా భరించే బరువే, ఆ పది కిలోలు ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న.

ఒంటరి గుడారం:
నేను ఒక్కదాన్నే జూపిటర్ స్కూటరు మీద వికారాబాద్ అనంతగిరికీ, గండికోటకూ వెళ్తుంటాను, పెట్టె అన్నది ఎన్నడూ బిగించలేదు. స్కూటరు కొన్నవారికి అంత చక్కటి చదునైన ఫుట్‌బోర్డు ఉండగా, అందరూ వెనకవైపు గురించే కొట్లాడుకోవడం నాకు వింతగా ఉంది. అయిదు కిలోల గ్యాసు సిలిండర్‌ను, పాతిక కిలోల బియ్యం బస్తాను మనవాళ్లు పెట్టుకుని వచ్చేది అక్కడే కదా! బెల్టూ బ్రేకూ గారి లెక్క ప్రకారమే చూస్తే, రెండు ఇరుసుల మధ్యలో నేలకు దగ్గరగా పెట్టిన బరువును రెండు చక్రాలూ పంచుకుంటాయి. ముందు చక్రం తేలికపడే ప్రశ్నే రాదు.

బరువైనవన్నీ, అంటే నీళ్లు, వంట సామాను, కడ్డీలు ముందు పలకకు ఆనించి కిందనే పెడతాను. పాదాలు రెండూ పూర్తిగా ఆనే చోటు వదలడం, హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూసుకోవడం మరిచిపోను. స్లీపింగ్ బ్యాగు, దుస్తులు తేలికైనవి, వాటిని ఒకే పొడుగాటి సంచిలో చుట్టి నా వెనక సీటు మీద అడ్డంగా కడతాను. కట్టడానికి కొక్కేలున్న రబ్బరు తాళ్లను వాడను. గతుకుల్లో అవి సాగినప్పుడు సంచి పక్కకు జారుతుంది, కొక్కెం ఊడి తగిలితే కన్ను పోతుంది. నవారు పట్టీకి బకిల్ కుట్టించుకుంటే బిగించినది బిగించినట్టే ఉంటుంది. మిగిలిన కొస వేలాడకుండా మడిచి ముడి వేయాలి, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో పట్టీ కొస పడినా అదే అవుతుంది. గ్యాసు డబ్బాను డిక్కీలో పెట్టవద్దు, దాని కింద ఉన్నది ఇంజను.

ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి వెనక సీటు మీకు దొరకదన్నది నిజమే. అటువంటప్పుడు పెట్టె పెంచడం కంటే సామాను తగ్గించడం మేలు. స్టవ్వు, గిన్నెలు మానేసి పాడేరులోనో, చింతపల్లిలోనో భోజనం చేసి వెళ్తే సగం మూట తగ్గుతుంది.

క్యాను బండి:
ఆరుబయట వండుకుని తినడం కోసమే కొందరం వెళ్తామండీ. అది తీసేస్తే మాకు మిగిలేది చలి ఒక్కటే. అదీగాక ఫుట్‌బోర్డు నిండా సామాను పెట్టుకుని ఘాట్ మలుపులో కాలు ఠక్కున కింద పెట్టవలసి వస్తే చోటు చాలదు.

ఒంటరి గుడారం:
అందుకే పాదాల చోటు వదలమన్నాను. ముందు పలకకు ఆనించి ఒక జానెడు లోతు వరకే సామాను ఉండాలి.

లంబసింగి దారి:
అందరికీ ధన్యవాదాలు. ప్లైవుడ్, వెల్డింగు రెండూ మానుకుంటున్నాను. నీళ్లు, వంట సామాను ఫుట్‌బోర్డు మీదికి వస్తాయి. మా ఆవిడ స్టవ్వు మానడానికి ఒప్పుకోలేదు కనుక దాని మీద చర్చ మా ఇంట్లో ముగిసింది. టెంటు, స్లీపింగ్ బ్యాగులు వెనక పక్కలకు వేలాడే రెండు క్యాన్లలో పెట్టాలన్నది ప్రస్తుతపు ఆలోచన, వాటి బరువు పట్టీలతో సహా పది కిలోలు దాటనివ్వను. బెల్టూ బ్రేకూ గారికి ఇది సమ్మతమేనా?

బెల్టూ బ్రేకూ:
సమ్మతమని అనను, అభ్యంతరం తగ్గిందని అంటాను. క్యాన్లు వెనక ఇరుసుకు వెనకగా కాక, వెనక కూర్చున్నవారి మోకాళ్లకు వీలైనంత దగ్గరగా రావాలి, అయితే వారి పాదాలకు అడ్డం రాకూడదు. రెండింట్లో బరువు సమానంగా ఉండాలి. రైలు బోల్టులను పొడుగువాటితో మార్చి, వదులుకాకుండా లోపల నైలాన్ ఉన్న నట్లు వేయండి. ఘాట్ ఎక్కేముందు ఒకసారి, దిగేముందు ఒకసారి వాటిని చేత్తో కదిపి చూడండి. ఇద్దరు ఎక్కినప్పుడు పెట్టవలసిన గాలి మాన్యువల్‌లో విడిగా ఇస్తారు, ఇంటి దగ్గరే అంత పెట్టించుకోండి.

పాడేరు పొగమంచు:
నేను ఈ ప్రాంతంవాణ్ణి. ఇంతసేపు బరువు గురించే మాట్లాడుకున్నారు, వెలుగు గురించి ఎవరూ అనలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో వంజంగి సూర్యోదయానికి వచ్చేవాళ్లంతా తెల్లవారుజామున చీకట్లో, మంచులో బండ్లు నడుపుతారు. వారిలో చాలామంది మూటల వెనక ఎర్రదీపం కనబడదు, పక్కలకు కట్టిన సంచులు ఇండికేటర్లను, నంబరు ప్లేటును మూసేస్తాయి. వెనక వచ్చే జీపు డ్రైవరుకు స్కూటరు అక్కడ ఉన్నట్టే తెలియదు. క్యాన్లు బిగించి, సామాను నింపి, ఇద్దరూ కూర్చుని, రాత్రిపూట మీ వీధిలోనే ఇంకొకరిని ఇరవై అడుగులు వెనకా, తర్వాత రెండు పక్కలా నిలబడి చూడమనండి. ఏ దీపం ఏ వైపు నుండి మరుగైనా ఆ క్యానును ముందుకు జరపండి. జరపడానికి చోటు లేకపోతే చిన్న క్యాను పెట్టండి.