సమస్య: చేయి తగులకుండ మ్రోయు డోలు

నిర్వాహకుడు (హనుమకొండ): పై పాదం చివరన వచ్చేటట్టు పద్యం పూరించాలె; ఈ వారం ఛందస్సు ఆటవెలది. యతి తప్పిందని కొట్లాటకు రాకండి, చేయి–మ్రోయు ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు యి–యు కలుస్తాయి). మన డప్పయినా సరే, రాక్, జాజ్ డ్రమ్ములైనా సరే.

ములుగు:
రాయి నోరు విప్పె రామప్ప గుడిలోన
మద్దెలలకు తగ్గ మగువలాడ
ఎనిమిదొందలేండ్లు ఎండలో వానలో
చేయి తగులకుండ మ్రోయు డోలు

మంథని: 1213 నాటి గుడి, లెక్క సరే. 'ఏండ్లు ఎండలో' అని విడదీస్తే విసంధి, అంటే సంధి కావలసిన చోట చేయకపోవడం. 'ఏండ్ల యెండలో' అనండి, యతీ నిలుస్తుంది.

కాజీపేట:
ఎడమ చేయి పోయె నెడమ కాలే చాలు
పెడలు తొక్కి యతడు బీటు వేసె
మనసు తగిలినంత మరియేమి కావలె
చేయి తగులకుండ మ్రోయు డోలు
డెఫ్ లెప్పర్డ్ అనే రాక్ బ్యాండు డ్రమ్మర్ రిక్ అలెన్ గురించి. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమ చేయి పోయింది. ఆ చేయి కొట్టే దెబ్బల్ని ఎలక్ట్రానిక్ కిట్ పెడల్స్ మీద ఎడమ కాలితో కొట్టి మళ్లీ బ్యాండులో నిలబడ్డాడు.

మంథని: మూడో పాదానికి దండం. కానీ కుడిచేయి ఉన్నది కదా?

కాజీపేట: పంతులుగారూ, బాస్ డ్రమ్మును ఎవరైనా కాలితోనే కదా వాయించేది!

మంథని: ఆ మాట పద్యంలో ఉండాలె, కింద రాస్తే ఎట్లా?

కరీంనగర్:
జాజులోన డ్రమ్ము చర్మాన్ని నిమిరేటి
తీగ చీపురొకటి తిరుగుచుండ
గుసగుసలుగ చెవిని కొసరి పల్కుచునుండు
చేయి తగులకుండ మ్రోయు డోలు

నిర్వాహకుడు: బ్రష్‌ను చీపురనడం మస్తుగున్నది. జాజ్ డ్రమ్మర్ జో జోన్స్ బ్రష్‌లు వింటే ఊడుస్తున్నట్టే ఉంటుంది, కానీ తాళం జారదు. 'నిమిరేటి' పక్కన 'పల్కుచునుండు' మాత్రం అతకలేదు.

కాజీపేట: రాక్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌తో ఈ సమస్య తిరగబడుతుంది. తన బ్యాండు లెడ్ జెపెలిన్ 1969 నాటి రెండో ఆల్బమ్‌లో సోలో నడుమ పుల్లలు వదిలేసి ఉత్త చేతులతోనే వాయించాడు.

జనగామ: నావి రెండు పాదాలే అయినయి. సిర్ర, చిటికెన పుల్ల అంటే డప్పు కొట్టే రెండు పుల్లలు.
సిర్ర చిటికె పుల్ల చేతనుండగ చాలు
మంట కాగి డప్పు మాటలాడు

మంథని: బాగుంది. కానీ చిటికెన పుల్ల పట్టిన ఎడమ చేయి డప్పు అంచు మీదనే ఆని ఉంటుంది. తగులకుండ ఎట్లా?

జనగామ: అక్కడనే ఆగిపోయిన సార్. మూడో పాదం డ్యూటీ దిగినంక.