మన తరఫున మాట్లాడేవాళ్లని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న (వినబడని_పిల్ల): నాకు వినికిడి లేదు. మా టీమ్‌లో ఒకతను ఉన్నాడు, మైక్ దొరికితే చాలు వికలాంగుల హక్కుల గురించి మాట్లాడతాడు, పోస్టులు పెడతాడు, వాటిలో నన్ను ట్యాగ్ కూడా చేస్తాడు. అలాంటివాడు పక్కనే ఉండటం నా అదృష్టమని అందరూ అంటారు. కానీ మేం నలుగురమే ఉన్న మీటింగ్‌లో క్యాప్షన్లు (మాటలు తెర మీద అక్షరాలుగా కనబడేవి) ఆన్ చేయడం అతనికి ఎప్పుడూ గుర్తుండదు, పై మేనేజర్ వస్తే మాత్రం ముందే ఆన్ అయి ఉంటాయి. మొన్న ఒక సదస్సులో మా సమస్యల మీద మాట్లాడమంటే తనే వెళ్లొచ్చాడు, నాకు మాటమాత్రం చెప్పలేదు. మనిషి మంచివాడే. నాకే అనుమానం ఎక్కువా? మీరైతే ఏం చూసి తేల్చుకుంటారు?

గళ్లనోటుబుక్కు: మేనేజర్ ఉన్న రోజుకీ లేని రోజుకీ తేడా ఉందని మీరే రాశారు, ఇంకా తేల్చేదేముంది? తనకి ఏమన్నా నష్టం ఉన్నచోట ఎలా ఉన్నాడన్నదే నేను చూస్తాను. పోస్టు పెడితే పోయేదేం లేదు, పైగా పేరొస్తుంది. 2020 జూన్ 2న నల్లజాతివాళ్లకి మద్దతంటూ ఇన్‌స్టాగ్రామ్ నిండా నల్ల చతురస్రాలు పెట్టారు గుర్తుందా? నిరసనల సమాచారం కోసం బ్లాక్ లైవ్స్ మ్యాటర్ హాష్‌ట్యాగ్‌లో వెతికినవాళ్లకి నల్ల డబ్బాలే కనబడ్డాయి!

పాతకాగితాలు: ఇలాంటిది 1936లోనే జరిగింది. లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ అని కులం పోవాలనే పెట్టుకున్న సంఘం, నడిపింది ఎక్కువగా అగ్రకులాల సంస్కర్తలు. వార్షిక సభకి అధ్యక్షుడిగా అంబేడ్కర్‌ని పిలిచారు, తీరా ప్రసంగం ప్రతి చూశాక కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన కామా కూడా మార్చనన్నాడు, సభ రద్దయింది, ఆయన సొంత ఖర్చుతో దాన్ని అచ్చు వేయించుకున్నాడు. వాళ్లది నటన అని నేననను, కులాంతర వివాహాలు జరగాలని నిజంగానే కోరుకున్నారు. కాకపోతే మాట తమ మతగ్రంథాల దాకా వచ్చేసరికి తట్టుకోలేకపోయారు. ఈమధ్య, అంటే 2020లో, హెలెనా రాడ్కే, మరికొందరు పరిశోధకులు ఇలా మద్దతిచ్చేవాళ్ల ఉద్దేశాలని నాలుగు రకాలుగా విడదీశారు. అవతలివాళ్ల మేలు కోరి వచ్చేవాళ్లు, తమ వర్గం స్థాయికి దెబ్బ తగలనంతవరకే వచ్చేవాళ్లు, సొంత లాభం చూసుకునేవాళ్లు, అన్యాయం సహించలేక వచ్చేవాళ్లు. రెండో రకాన్ని గుర్తుపట్టడమే కష్టం, చాలాదూరం మనతోనే నడుస్తారు కాబట్టి. నా సలహా, అతని తప్పొకటి అతనికే నేరుగా చెప్పి చూడండి. సర్దుకుంటాడా, లేక ఇంత చేస్తే నాకిదా అని అలుగుతాడా అన్నది ఏ పోస్టుకన్నా ఎక్కువ చెబుతుంది.

సూటిమాట: అతని మనసులో ఏముందో మనకెందుకండీ? మీకు క్యాప్షన్లు కావాలి, అంతే. పేరు కోసమే చేస్తాడనుకోండి, చేయనివ్వండి.

గళ్లనోటుబుక్కు: @సూటిమాట అలా తీసిపారేయలేం. పేరు కోసం చేసేవాడు పేరు రాని రోజు మానేస్తాడు, రేపు ఎవరి మీద ఆధారపడొచ్చో ముందే తెలియకపోతే ఇబ్బంది పడేది ఆవిడే. అయితే అనుమానం కూడా ఊరికే పోదు, ఒప్పుకుంటాను. అమెరికాలో మనస్తత్వవేత్త బ్రెండా మేజర్ బృందం 2016లో చూపించింది, తెల్లవాళ్ల మంచితనం పైపైదేమోనని బాగా అనుమానించే లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) యువతులకి, తమ జాతి తెలిసిన తెల్లవాళ్లు మెచ్చుకున్నా ఒంట్లో ఒత్తిడే పెరిగింది. పొగడ్తని కూడా హాయిగా తీసుకోలేని పరిస్థితి!

అటువైపు_మనిషి: మాట్లాడితే షో అంటారు, ఊరుకుంటే స్వార్థం అంటారు. మరి మాలాంటివాళ్లు ఏం చేయాలి?

పాతకాగితాలు: ఈసారి సదస్సుకి పిలిస్తే "నన్ను కాదు, ఆవిడని పిలవండి" అనండి. ఆ సంగతి ఎక్కడా పోస్టు చేయకండి.

వినబడని_పిల్ల: అందరికీ థాంక్స్. నేరుగానే అడిగేశాను, ప్రతి మీటింగ్‌కీ క్యాప్షన్లు ఆన్ చేయమని, వచ్చే సదస్సుకి నేను వెళ్తానని. "సారీ, క్యాప్షన్లు ఇవాళ్టి నుంచే, సదస్సు సంగతి మాత్రం ఒకసారి మాట్లాడుకుందాం" అన్నాడు. అందులో మాట్లాడుకోవడానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు.