ఛాయాచిత్రంలో ఛాయ ఏది?

ఫొటో అన్నది వెలుగుతో పుట్టేది కదా, మనం "ఛాయాచిత్రం" అని నీడ పేరు పెట్టుకోవడం పొరపాటు కాదా అని నిన్న ఒకరు ఇక్కడ అడిగారు. నాకైతే పొరపాటు అనిపించదు. ఎందుకో చెప్పాలంటే ఒక పాత ఫొటో చూపించాలి.

1838లో పారిస్‌లో, ఫొటో తీసే పద్ధతిని మొదట్లో కనిపెట్టినవాళ్లలో ఒకడైన దగేర్ తన కిటికీలోంచి బూల్వార్ ద్యు తాంప్ల్ అనే వీధిని వెండిపూత వేసిన రాగి పలక మీదికి ఎక్కించాడు. నలుపు తెలుపు బొమ్మ. చెట్ల వరసలు, ఇళ్ల కప్పులు, పొగగొట్టాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే కూర్చుని కిటికీలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ వీధిలో మనిషి ఛాయలే లేవు! నిజానికి అది బళ్లతో, జనంతో కిటకిటలాడే వీధి. బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి, నడిచిపోయేవాళ్లు ఎవరూ పలకకి అంటలేదు.

ఒక్కరు తప్ప. కింద ఎడమ వైపు, చెట్ల వరస మొదట్లో చూడండి. ఒకాయన ఒక కాలు పెట్టె మీద పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. టెలిగ్రాఫ్‌తో పేరు తెచ్చుకున్న అమెరికన్ మోర్స్ 1839లో ఈ పలకని స్వయంగా చూసి, బూట్లు, కాళ్లు చక్కగా వచ్చాయనీ, ఒళ్లు, తల కదలడం వల్ల రాలేదనీ ఉత్తరంలో రాశాడు. ఇప్పుడు దొరికే ప్రతుల్లో ఒళ్లు కూడా కొంచెం తెలుస్తుంది. పాలిష్ చేసే మనిషి చేతులు ఆడించక తప్పదు కదా, అందుకని అతను ఒక మరకలా మిగిలిపోయాడు. నా కళ్లు ప్రతిసారీ ఆ మరక దగ్గరే ఆగుతాయి.

ఇక మాట దగ్గరికి వద్దాం. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో, ఒకే మాటకి పలు అర్థాలు చెప్పే నానార్థవర్గంలో ఒక పంక్తి ఉంది:

ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః

సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేని చోటు. నాలుగు అర్థాలు. నీడ అన్నది నాలుగోది మాత్రమే, వెలుగు కూడా ఛాయే. చామనచాయ అన్నప్పుడు మనం చెప్పేది ఒంటి రంగు గురించే కదా, నీడ గురించి కాదు. దగేర్ పలక అద్దంలా మెరుస్తుంది, అందులో వీధి కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. అచ్చంగా ప్రతిబింబం. ఆ మాటకొస్తే ఇంగ్లండులో కాగితం మీద ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన టాల్బట్ కూడా 1839లో దాన్ని నీడని నిలబెట్టే కళ అనే చెప్పుకున్నాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మొదటి అర్థం. సూర్యుడి వేడి తట్టుకోలేక సంజ్ఞాదేవి వెళ్లిపోతూ, అచ్చం తనలాగే ఉండే ఛాయని తన చోట నిలబెట్టి వెళ్లింది. సూర్యుడు కూడా చాలాకాలం ఆమెని సంజ్ఞే అనుకున్నాడు. "ఛాయామార్తాండ సంభూతం" అని శనివారం శ్లోకంలో మనం తలుచుకునే అమ్మ ఈవిడే. మనిషి వెళ్లిపోయాక ఆ చోట ఉండిపోయిన పోలిక అన్నమాట. పారిస్‌లో ఆ ఇద్దరి పేర్లు ఎవరికీ తెలియవు, ఛాయలు మాత్రం ఉన్నాయి. ఫొటోకి ఇంతకంటే సరిపోయే మాట ఏముంటుంది?

"మనిషి ఛాయలు లేవు", "ఆ చాయలకి వెళ్లకు" అన్నప్పుడు ఆనవాలు, దరిదాపు అనే అర్థాలు కూడా వస్తున్నాయి. ఇవి అమరంలో లేవు, మన వాడుకలో పెరిగినవి. మీ వైపు ఈ మాట ఇంకా ఏయే అర్థాల్లో వినిపిస్తుంది? పెద్దవాళ్ల నోట విన్న వాక్యం ఉన్నదున్నట్టు రాస్తే బాగుంటుంది.