డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి వీఆర్ హెడ్‌సెట్: నలుగురిలో కలుపుతుందా, ఉన్న నలుగురినీ దూరం చేస్తుందా?

గంటస్తంభం_దగ్గర
విజయనగరంలో పెద్దవాళ్ళ డే కేర్ ఒకటి. రోజూ పన్నెండు మంది వస్తారు. వాళ్ళలో ఏడుగురికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు), తొలి దశ నుంచి మధ్య దశ దాకా. రెండు వీఆర్ హెడ్‌సెట్లు (కళ్ళకి పెట్టుకుంటే వేరే చోట ఉన్నట్టు చుట్టూ దృశ్యం చూపించే పెట్టెలు) కొనిస్తామని ఒక దాత అడుగుతున్నారు. కమిటీ రెండు ముక్కలయింది. పిల్లలు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్నారు కాబట్టి ఒకే చోట కూర్చుని ఒకే దృశ్యం చూసినట్టు చెయ్యొచ్చని కొందరు. కళ్ళకి గంతలు కట్టి సాంగత్యం అంటారేమిటి, ఆ డబ్బుతో పెద్ద టీవీ, మంచి స్పీకరు అడగండి అని మిగతావాళ్ళు. తెలిసినవాళ్ళు కారణాలతో చెప్పండి. "సూపర్", "దండగ" లాంటి ఒక్కమాట జవాబులు వద్దు.

నాగావళి_ఒడ్డు (ఆక్యుపేషనల్ థెరపీ)
తీసుకోండి, కానీ రెండు కాదు, ఒకటి చాలు. రెండోదాని డబ్బు టీవీకి అడగండి. ఎందుకో చెప్తాను.

ఈ విషయంలో నేరుగా పనికొచ్చే అధ్యయనం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వాళ్ళది. జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గినవాళ్ళు, తొలి లేదా మధ్య దశ డిమెన్షియా ఉన్నవాళ్ళు కలిపి 21 మంది. ఒక్కొక్కరికీ దూరంగా ఉంటున్న కుటుంబసభ్యులు ఒకరు జత. ముందు ఒక ఫోను కాల్, తర్వాత వారానికొకటి చొప్పున మూడు వీఆర్ సెషన్లు. ఫోనులో కంటే వీఆర్‌లో పెద్దవాళ్ళు మాటల్లో ఎక్కువ కలిశారని తేలింది. కానీ 21 జతలు, మూడు వారాలు. దీన్ని పట్టుకుని "నిరూపణ అయిపోయింది" అనకూడదు. జ్ఞాపకాలు తవ్వి మాట్లాడించే పద్ధతి మీద 2018లో వచ్చిన కోక్రేన్ (వైద్య అధ్యయనాలని కలిపి తూచే సంస్థ) సమీక్ష 22 అధ్యయనాలు, 1972 మందిని చూసింది. దొరికిన లాభం చిన్నది, అదీ ఒకచోట కనిపించినట్టు ఇంకోచోట కనిపించలేదు. కాబట్టి హెడ్‌సెట్‌ని మందులా చూడకండి. మాట మొదలెట్టించే వస్తువు అనుకోండి, అంతే.

చేసే పద్ధతి:

టైము ఉదయం 10 నుంచి 11 మధ్య, టిఫినూ మాత్రలూ అయ్యాక. సాయంత్రం నాలుగు దాటితే వద్దు. పొద్దు వాలేకొద్దీ గాభరా పెరిగేవాళ్ళు వీళ్ళలో చాలామంది. చేతులున్న కుర్చీ వెయ్యండి, చక్రాల కుర్చీ, తిరిగే కుర్చీ వద్దు. పాదాలు రెండూ నేలకి ఆనాలి. మొదటిసారి రెండు మూడు నిమిషాలు, అలవాటయ్యాక ఎనిమిది, పది. అంతకు మించొద్దు.

పట్టీ బిగించకండి. మెటా కంపెనీ హెడ్‌సెట్లలో క్వెస్ట్ 2 బరువు 503 గ్రాములు, క్వెస్ట్ 3 515. ఆ బరువంతా ముందువైపే వేలాడుతుంది, మెడ అరిగినవాళ్ళకి నొప్పి ఖాయం. పట్టీ వదులుగా ఉంచి, దుర్భిణీ పట్టుకున్నట్టు వాళ్ళ చేతులతోనే పట్టుకోనివ్వండి, కింద నుంచి మీరొక చెయ్యి ఆసరా ఇవ్వండి. లాభం బరువు ఒక్కటే కాదు. భయమేస్తే ఎవర్నీ అడక్కుండా దించేసుకోవచ్చు. నోటితో "వద్దు" అనలేని మనిషికి చేతితో "వద్దు" అనే దారి అది.

తీసేటప్పుడు ముందు చెయ్యి తాకి, పేరు పెట్టి పిలిచి, "ఇప్పుడు తీస్తున్నాం అమ్మా" అని చెప్పి తియ్యండి. తీయగానే ఎదురుగా తెలిసిన ముఖం ఉండాలి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే లేపండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు గభాల్న లేస్తే పడతారు.

పెద్దచెరువు_గట్టు
మీరు చెప్పిన ప్రతి జాగ్రత్తా నా వాదనకే బలం అండీ. ఒక్క మనిషికి పది నిమిషాలు చూపించడానికి ఒక ఉద్యోగి అరగంట పక్కనే ఉండాలి. ఆ అరగంట అదే ఉద్యోగి అదే మనిషి పక్కన కూర్చుని ఫొటో ఆల్బం తిప్పితే? లాభం హెడ్‌సెట్‌దా, పక్కన కూర్చున్న మనిషిదా? దీనికి జవాబు చెప్పకుండా కొనుగోలు మాట ఎత్తకూడదు.

ఇంకోటి. సాంగత్యం అంటే ఒకరి ముఖం ఒకరు చూడటం. హెడ్‌సెట్ ముందు కప్పేది ముఖాన్నే. టీవీలో తిరునాళ్ళు చూస్తే పన్నెండు మందీ ఒకేసారి చూస్తారు, ఒకరు "అదిగో రథం" అంటే ఇంకొకరు తల తిప్పుతారు. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లెక్క, 88 లక్షల మంది. ఒక్కొక్కరి నెత్తిన పెట్టే వస్తువుతో ఎంతమందిని అందుకుంటాం?

అసలు దానికంటే ముందు చెవిలో గుబిలి తీయించండి, వినికిడి పరీక్ష చేయించండి, కంటి శుక్లం చూపించండి. వినపడని మనిషికి ఏ యంత్రం పెట్టినా మాటల్లో కలవడు.

నాగావళి_ఒడ్డు
చెవి మాటకి నూటికి నూరు మార్కులు. మిగతాదానికి: హెడ్‌సెట్‌ని ఒంటరిగా వాడితే మీరన్నదే నిజం. అందుకే ఒకటి, దానితో టీవీ అన్నాను. లోపల కనిపించేది టీవీ మీదికి కాస్ట్ చేస్తే మిగతా పదకొండు మందీ చూస్తారు. పెట్టుకున్న మనిషి తల ఎటు తిప్పితే టీవీలో బొమ్మ అటు తిరుగుతుంది. అంటే అందరికీ దారి చూపించేది ఆ మనిషే. రోజంతా "ఇటు రండి, ఇలా కూర్చోండి" అని చెప్పించుకునేవాళ్ళకి ఆ పది నిమిషాలు పెత్తనం తమది. ఆల్బంలో ఇది దొరకదు, పేజీ తిప్పేది మనమే కదా.

ట్రైపాడ్_బాబు (360 డిగ్రీల వీడియో పని)
కాస్ట్ గురించి: ఎదుర్కోవలసిన తలనొప్పులు ముందే రాసుకోండి.

టీవీ, హెడ్‌సెట్ ఒకే వైఫైలో, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉండాలి. బొమ్మ కొంచెం వెనకబడుతుంది, కాబట్టి టీవీ సౌండు కట్టేసి హెడ్‌సెట్ సౌండే వినిపించండి. లేకపోతే మాట రెండుసార్లు వినపడి అయోమయం. గది మారిస్తే హద్దు గీయమని అడుగుతుంది, కూర్చుని వాడే "స్టేషనరీ" హద్దు ఎంచుకోండి. ఒకరి తల నుంచి ఇంకొకరి తలకి మారేటప్పుడు నిద్రలోకి పోయి లేస్తుంది, అప్పుడు దృశ్యం పక్కకి తిరిగి ఉంటుంది. కుడి కంట్రోలర్ (చేత్తో పట్టుకునే మీటల పరికరం) మీద కంపెనీ గుర్తు ఉన్న బటన్ నొక్కిపట్టుకుంటే సరి అవుతుంది. హ్యాండ్ ట్రాకింగ్ (ఉత్త చేతుల కదలికని పట్టే ఏర్పాటు) మాత్రం తప్పక ఆపెయ్యండి. గుడి కనపడి పెద్దావిడ దండం పెట్టబోతే, వేళ్ళ కదలికని నొక్కుడు అనుకుని దేవుడి ముందు మెనూ తెరుచుకోవచ్చు.

ఫోను దూర్చే అట్టపెట్టె రకం చవక అని మోసపోకండి. ఫోను వేడెక్కుతుంది, మధ్యలో కాల్ వస్తే దృశ్యం మాయం.

ఇక వీడియో. దొరికే విదేశీ వీడియోలు, పారిస్ వీధులూ సముద్రం లోపలి చేపలూ, వీళ్ళతో మాట్లాడించవు. మనమే తీసుకోవాలి. 5.7కే కెమెరా అంటే చుట్టూ 5760 పిక్సెళ్ళు, 360తో భాగిస్తే డిగ్రీకి 16. మనిషి ముఖం 16 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి. 3 మీటర్ల దూరంలో ఉంటే ముఖానికి 50 పిక్సెళ్ళు కూడా రావు, సొంత కొడుకునైనా గుర్తుపట్టలేరు. ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటే వంద దాకా వస్తాయి. మరీ మీటరు లోపలికి వస్తే రెండు లెన్సుల బొమ్మలు అతికే చోట ముఖం చీలిపోతుంది. కాబట్టి మాట్లాడే మనిషిని ఒకటిన్నర మీటర్ల దగ్గర, ఒక లెన్సుకి ఎదురుగా కూర్చోబెట్టండి.

కెమెరా ఎత్తు నేల నుంచి 1.1 మీటర్లు, కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు. నిలబడ్డ ఎత్తులో తీస్తే కూర్చుని చూసేవాళ్ళకి గాలిలో తేలుతున్నట్టుంటుంది. కెమెరా అంగుళం కూడా కదలకూడదు. బొమ్మ కదిలి ఒళ్ళు కదలకపోతే కంటికీ లోపలి చెవికీ లెక్క కుదరదు, కడుపులో తిప్పేస్తుంది. సెకనుకి 120 మెగాబిట్ల నాణ్యతలో 5 నిమిషాలకి నాలుగున్నర జీబీ అవుతుంది. నెట్ మీద నమ్మకం పెట్టుకోకుండా ముందే హెడ్‌సెట్‌లోకి దించుకోండి.

గంటస్తంభం_దగ్గర
దాతకి సిరిమానోత్సవం (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మా పైడితల్లి అమ్మవారి పండగ) తీయించి చూపించాలని ఉంది.

ట్రైపాడ్_బాబు
వద్దు. ఆ జనంలో కెమెరాకి మీటరు దూరం ఎక్కడ దొరుకుతుంది? మేడ మీద నుంచి తీస్తే ఎత్తు భయం. మాను ఊగుతుంటే, మీదకి వస్తున్నట్టుంటే, గుండె దడ. ముందు రోజు సోమవారం తొలేళ్ళనాడు పొద్దున్నే గుడి వీధి తియ్యండి: పూల దుకాణాలు, కొబ్బరికాయలు, ఘటాలు. పండగ వాసన ఉంటుంది, తోపులాట ఉండదు.

పొందూరు_మగ్గం
అందరూ గుడి గుడి అంటన్నారు గానీ, ఆ ఏడుగురూ ఏ పని చేసి బతికినోళ్ళో ఎవులైనా అడిగారేటి? కళింగపట్నం వలలవాళ్ళకి అరసవల్లి చూపిస్తే దండం పెట్టి ఊరుకుంటారు. తెప్ప ఇసకలోకి లాగడం చూపించండి, నోరు ఆగదు. ఉద్దానం వాళ్ళకి కొబ్బరితోట. అదీ తిత్లీ తుపాను ముందరి తోటలాటిది, 2018లో కూలిన తోట కాదు. పలాస వాళ్ళకి జీడిగింజలు కాల్చే చోటు.

ఇంకో మాట. ఆ పెట్టె పెట్టుకుంటే సొంత చేతులు కనపడవు. జీవితమంతా చేతుల్తోనే బతికినోళ్ళు కదా. మా పొందూరు వైపు నూలు వడికినావిడకి వాలుగ చేప దవడ, గుప్పెడు కొండపత్తి చేతిలో పెట్టండి. పత్తి ఎలగ దువ్వాలో ఆవిడే మీకు నేర్పుతాది. దానికి చార్జింగు అక్కర్నేదు. హెడ్‌సెట్ పెట్టాలనే ఉంటే రెండూ కలపండి: లోపల మగ్గం సప్పుడు, ఒళ్ళో పత్తి.

నాగావళి_ఒడ్డు
ఈ జవాబు అచ్చు వేయించి గోడకి అతికించాలి.

వంశధార_సిస్టర్ (నర్సింగ్)
ఎవరికి పెట్టకూడదో ఎవరూ రాయలేదు. లేనివి కనిపిస్తున్నాయి అనేవాళ్ళకి, ముఖ్యంగా లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్ళకి, వద్దు. ఏది లోపలిది ఏది బయటిది అన్న గీత వాళ్ళకి ఇప్పటికే చెరిగి ఉంటుంది. మూర్ఛ ఉన్నవాళ్ళకి వద్దు. కళ్ళు తిరిగే జబ్బు ఉంటే వద్దు. జ్వరంతోనో మూత్రం ఇన్ఫెక్షన్‌తోనో ఒక్కసారిగా మాట తేడా వస్తే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు, డెలీరియం (జబ్బుతో ఒక్కసారిగా వచ్చే మతి గందరగోళం) కావచ్చు. ముందు డాక్టరు. శుక్లం ఆపరేషన్ కొత్తగా అయినవాళ్ళకి కంటి డాక్టరు సరే అనేదాకా ఆగండి. పేస్‌మేకర్ ఉంటే గుండె డాక్టర్ని అడగాలి. హెడ్‌సెట్‌లోనూ కంట్రోలర్లలోనూ అయస్కాంతాలు ఉండొచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు.

కళ్ళజోడు: లోపలి బొమ్మ కంటికి మీటరు పైన దూరంలో ఉన్నట్టే. చదివే అద్దాలు కాదు, దూరం చూపు అద్దాలు పెట్టాలి. క్వెస్ట్ 2లో రెండు లెన్సుల మధ్య దూరానికి మూడే మెట్లు: 58, 63, 68 మిల్లీమీటర్లు. ఒక్కొక్కరిదీ చూసి పుస్తకంలో రాసుకోండి. తప్పు మెట్టులో పెడితే మసక. వాళ్ళు "మసకగా ఉంది" అని చెప్పరు, విసుక్కుని తీసేస్తారు. మనం "ఆవిడకి ఇష్టం లేదు" అని రాసేస్తాం.

మన తీరం ఉక్కకి ముఖం చెమట పట్టి లెన్సు మసకేస్తుంది. ఫ్యాను కింద కూర్చోబెట్టండి. స్పాంజి మీద తుడవడానికి వీలైన సిలికాన్ తొడుగు వేసి, మనిషి మారినప్పుడల్లా తుడవండి. కన్ను ఎర్రగా ఉన్నవాళ్ళకి ఆ వారం వద్దు. లెన్సుకి స్పిరిట్ తగలకూడదు, పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. కిటికీ పక్కన పెట్టారంటే ఎండ లెన్సులోంచి పోయి లోపలి తెర కాల్చేస్తుంది, ఇక బాగు కాదు. మూత డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి.

ఆపేయాల్సిన గుర్తులు: కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకోవడం, ఊపిరి వేగం, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం, నుదుట చల్లటి చెమట. "ఇంకొంచెం చూడండి అమ్మా" అనొద్దు. తీసెయ్యండి.

కళింగపట్నం_లైట్
దూరంలో ఉన్న పిల్లల సంగతి మీద రెండు మాటలు. కొడుకు కార్టూన్ బొమ్మ రూపంలో పక్కన నిలబడే యాప్‌లు వద్దు. కొడుకు గొంతు తెలియని ఒంట్లోంచి వస్తుంటే మధ్య దశలో ఉన్న తల్లి బెదిరిపోతుంది. ఒకే వీడియో రెండు చోట్లా ముందే దించుకుని, ఫోను స్పీకర్లో పెట్టి, "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ ఒకేసారి నొక్కితే చాలు. నెట్ మీద పోయేది గొంతు ఒక్కటే. కొడుకు ఫోనులో చూసినా పరవాలేదు.

టైము చూడండి. మనకి ఉదయం 10 అంటే దుబాయిలో 8:30, ఆఫీసుకి పోయే వేళ. న్యూజెర్సీలో ముందురోజు రాత్రి 11:30, వేసవిలో అయితే అర్ధరాత్రి 12:30. సాయంత్రం వద్దన్నారు కాబట్టి అమెరికా పిల్లలకి మన ఆదివారం పొద్దున్న, అంటే వాళ్ళ శనివారం రాత్రి, ఒక్కటే కుదురుతుంది.

పెద్దచెరువు_గట్టు
సరే, దాత ఇంకో అడుగు వేసి "పోయిన వాళ్ళాయన్ని కృత్రిమ మేధతో బతికించి లోపల కూర్చోబెడదాం" అంటే?

వంశధార_సిస్టర్
తలుపు దగ్గరే ఆపెయ్యండి. పది నిమిషాల తర్వాత పెట్టె తీసినప్పుడు ఆవిడకి ఆయన రెండోసారి పోయినట్టే. ఎందుకు ఏడుస్తుందో మధ్యాహ్నానికి ఆవిడకే గుర్తుండదు, ఏడుపు మాత్రం మిగులుతుంది.

నాగావళి_ఒడ్డు
నాదీ అదే మాట. ఆయన పాత ఫొటో వేరు. ఫొటో అని ఆవిడకి తెలుసు.

గంటస్తంభం_దగ్గర
ఒక హెడ్‌సెట్, ఒక టీవీ అని దాతకి రాస్తున్నాను. పెద్దచెరువు గారి మొదటి ప్రశ్నకి, లాభం పెట్టెదా మనిషిదా అన్నదానికి, జవాబు మా దగ్గరే ఎలా తేల్చాలి?

నాగావళి_ఒడ్డు
ఆరు వారాలు. ఒక్కొక్కరికీ వారానికి రెండు సెషన్లు: ఒకటి హెడ్‌సెట్, ఒకటి అదే వీడియో టీవీలో. పక్కన కూర్చునే ఉద్యోగి ఒక్కరే, నిమిషాలు సమానం. ఏది ముందో వారం వారం మార్చండి. తర్వాతి పది నిమిషాలు ఇంకో ఉద్యోగి దూరంగా కూర్చుని ఐదు గుర్తులు రాయాలి: సంతోషం, కోపం, భయం, దిగులు, చురుకుదనం. డిమెన్షియా ఉన్నవాళ్ళ భావాలు చూసి రాసే లాటన్ స్కేలులో ఉన్నవి ఇవే. దానికి నాదొక లెక్క కలుపుకోండి: ఎవరూ అడక్కుండా తనంతట తాను పక్కవాళ్ళతో ఎన్ని మాటలు మొదలెట్టారు? మనతో కాదు, పక్కవాళ్ళతో.

పెద్దచెరువు_గట్టు
ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. పొందూరు వారి వాలుగ దవడనీ పత్తినీ మూడో వరుసగా చేర్చండి.

పొందూరు_మగ్గం
దవడలు నేను పంపిస్తాను. పత్తి గింజతో ఉన్నది కావాలా, తీసిందా? గింజతో ఉన్నదయితే మాటలు ఎక్కువ వస్తాయి, తియ్యడానికి టైము పడతాది కదా.