రెండు రంగులు కలిసేచోట ఉన్నది రేఖేనా?

ప్రశ్న: మాదాపూర్‌లో నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రాల ప్రదర్శనకు, బొమ్మల పక్కన పెట్టే తెలుగు చీటీలు రాయాలండి. ఎర్ర గడి, దాన్ని ఆనుకుని ఆకుపచ్చ గడి. రెండూ కలిసేచోటును "రేఖ" అనొచ్చా?

జవాబు: అక్కడ గీసిందేమైనా ఉందా? లేకపోతే రేఖ కాదు, అంచు. ఉన్నా నేను "గీత" అనే అంటాను. రేఖ అనగానే రేఖాగణితం తడుతుంది: పొడవే తప్ప వెడల్పు లేనిది. కుంచె లాగిన గీతకు వెడల్పుంటుంది, చేతి ఒత్తిడిని బట్టి సన్నమూ లావూ అవుతుంది. బాగా వెడల్పై తానే ఒక రంగుగా నిలబడితే అది చార. డచ్ చిత్రకారుడు మోంద్రియాన్ 1920ల మొదట్లో వేసిన చిత్రాల్లో కొన్ని నల్లచారలు కాన్వాసు చివరిదాకా పోకుండా కాస్త ఇవతలే ఆగుతాయి. వాటిని రేఖలంటే ఆ మందం ఎవరికీ కనబడదు. ఎండిన కుంచె ఈడిస్తే తెగుతూ పడేవాటికి "జీరలు" అనే పాత మాట ఉండనే ఉంది.

మరో జవాబు: "అంచు"తోనూ చిక్కే. గద్వాల చీర అంచుకు సొంత రంగు, సొంత వెడల్పు. అది మనసులో ఉన్న పాఠకుడు రెండు రంగుల మధ్య మూడో పట్టీ వెతుక్కుంటాడు. "ఎరుపు, ఆకుపచ్చ ఒరుసుకునే చోట" అని రాస్తే సరిపోతుంది. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో చిత్రాలకైతే ఆ చోటు మసకబారి ఉంటుందనీ చెప్పాలి.

ఇంకొకరు: చీటీ రాసేముందు చిత్రాన్ని ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చండి. రెండు రంగుల వెలుగూ సమానమైతే హద్దు దాదాపు మాయమవుతుంది. రంగుల్లో చూస్తే మాత్రం అదే చోటు అదురుతున్నట్టుంటుంది. మధ్యన నల్లగీత పడితే ఆ అదురు తగ్గిపోతుంది, కాబట్టి గీత ఉందా లేదా అన్నది మాటల పట్టింపు కాదు. ఇక అక్రిలిక్‌లో కోసినట్టుండే అంచు టేపుతో వచ్చేది. టేపు వేశాక దాని అంచు మీద ముందు అడుగు రంగే పలచగా పూసి ఆరనిస్తారు, ఆపైనే రెండో రంగు. ఈ పూత మానేస్తే రంగు టేపు కిందికి పాకి అంచు రంపపుపళ్లలా తేలుతుంది. పై రంగు తడిగా ఉండగానే టేపు లాగాలి. బాగా ఎండాక లాగితే పొర చిరిగి వస్తుంది. అలాంటి దానికి "కోసిన అంచు" అనండి, "స్పష్టమైన రేఖ" వద్దు.

ప్రశ్న: చీటీ చిన్నది. ఆకుపచ్చకు ఉత్త "పచ్చ" చాలదా?

జవాబు: చాలదండి. పచ్చగడ్డి ఒక రంగు, పచ్చకామెర్లు ఇంకో రంగు. పక్క చిత్రంలో పసుపు గడి ఉంటే చూసేవాళ్లు తికమకపడతారు. రెండక్షరాలు ఎక్కువైనా "ఆకుపచ్చ" అనే రాయండి.