అప్‌డేట్: బెర్ముడా లాన్‌లో థ్యాచ్ (గడ్డి అడుగున పేరుకునే ఎండు పొర) తీయించేశా

లాన్‌లో నడిస్తే పరుపు మీద నడిచినట్టుంది, నీళ్ళు కిందకి దిగట్లేదు అని ఇంతకుముందు ఇక్కడ అడిగా కదా, డాలస్‌లో బెర్ముడా గడ్డి. మీరు చెప్పినట్టే చిన్న ముక్క కోసి చూస్తే పచ్చగడ్డికీ మట్టికీ మధ్య గోధుమరంగు పొర, అదే థ్యాచ్, అంగుళం పైనే ఉంది, అర అంగుళం దాటితేనే ప్రాబ్లం అన్నారుగా. మేలో గడ్డి బాగా ఎదిగేటప్పుడు పవర్ రేక్ (ఆ పొరని గీకి పైకి లాగే మెషిన్) అద్దెకి తెచ్చి లాగించా, ఎంత చెత్త వచ్చిందో బాబోయ్, తర్వాత కోర్ ఏరేషన్ (నేలలోంచి చిన్న చిన్న మట్టి ముక్కలు తీసి రంధ్రాలు చేయడం) చేయించి పల్చగా కంపోస్ట్ చల్లా. మొదట్లో అంతా ఎండిపోయినట్టు కనిపించి మా ఆవిడ ఒకటే క్లాసు, ఇప్పుడు మళ్ళీ అల్లుకుంటోంది.

కోసిన గడ్డి అక్కడే వదిలేస్తే థ్యాచ్ పెరుగుతుందని పక్కింటాయన అంటాడు గానీ అది కాదు, ఆ ముక్కలు తొందరగానే కుళ్ళిపోతాయి, పేరుకునేది ఎక్కువగా కాడలూ వేళ్ళే. సో గడ్డి కోసేటప్పుడు ముక్కలు పట్టే బ్యాగ్ మెషిన్‌కి పెట్టట్లేదు, నైట్రోజన్ ఎరువు మాత్రం తగ్గించేశా.